నయాగరా ఒక్కరోజు బస్సు టూర్: "రెండు వైపులా" అంటున్నారు, నిజంగా కుదురుతుందా?

ఎడిసన్_వాడు:

అమ్మానాన్న బీ2 (విజిటర్ వీసా) మీద అమెరికా వచ్చారు. సెప్టెంబర్ మూడో వారంలో నయాగరా అనుకుంటున్నాం. ఇండియన్ స్టోర్ గోడమీద ఒక కరపత్రం కనిపించింది. పొద్దున 5కి పికప్, "రెండు వైపుల ఫాల్స్ ఒక్కరోజులో", అర్ధరాత్రికి ఇంటి దగ్గర దింపుతారట. ధర తక్కువే. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి:

ఈ ఒక్కరోజు బస్సు పెద్దవాళ్లకు పనికొస్తుందా?

కెనడా వైపు దాటాలంటే మాలో ఎవరికి కుదురుతుంది? నాది హెచ్‌వన్, పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు అయిపోయింది కానీ 797 (హెచ్‌వన్ ఉద్యోగ అనుమతి కాగితం) గడువు ఇంకా ఏడాదిన్నర ఉంది. చెల్లెలు ఎఫ్‌వన్, చదువయ్యాక చేసే ఓపీటీ ఉద్యోగంలో ఉంది, వీసా స్టాంపుకి ఇంకా గడువుంది. అమ్మానాన్నలకు అమెరికా పదేళ్ల వీసా ఉంది.

అమ్మకు మోకాళ్ల నొప్పులు. పడవ ఎక్కగలదా? మెట్లు ఎన్నుంటాయి? చీరలోనే వస్తానంటోంది.

బఫెలో_మంచు:

ముందు లెక్క చూడండి. న్యూజెర్సీ ఎడిసన్ నుంచి ఫాల్స్‌కి దగ్గరదగ్గర 400 మైళ్లు, కార్లో ఆరున్నర, ఏడు గంటలు. బస్సు 5కి కదిలి మధ్యలో రెండుచోట్ల ఆగితే చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. అర్ధరాత్రికి ఇల్లు చేరాలంటే అక్కడ నాలుగున్నరకల్లా బయల్దేరాలి. అంటే పద్నాలుగు గంటల రోడ్డుకి మూడున్నర గంటల ఫాల్స్. అందులో గంట పడవ క్యూకి, అరగంట తిండికి పోతుంది. అరవై దాటినవాళ్లకు ఇది యాత్ర కాదు, శిక్ష.

ఇంకో సంగతి టూర్ వాళ్లను నేరుగా అడగండి: "డ్రైవర్లు ఎంతమంది?" అమెరికాలో ప్రయాణికుల బస్సు నడిపేవాడు 10 గంటలకు మించి నడపకూడదు, డ్యూటీలో 15 గంటలు దాటిన తర్వాత స్టీరింగ్ పట్టకూడదు. అది ఫెడరల్ రూలు. పోనూరానూ పద్నాలుగు గంటల రోడ్డుకి ఇద్దరు డ్రైవర్లు ఉండాల్సిందే. "ఒక్కడే, బాగా అనుభవం ఉన్నవాడు" అని జవాబొస్తే ఆ కరపత్రం గోడమీదే ఉండనివ్వండి.

ఇక "రెండు వైపుల ఫాల్స్" అన్న మాట. ఇది మాటల గారడీ. ఇక్కడ ఉన్నవి మూడు జలపాతాలు. అమెరికన్ ఫాల్స్, దాని పక్కనే సన్నగా బ్రైడల్ వెయిల్, ఈ రెండూ పూర్తిగా అమెరికావి. గుర్రపునాడా ఆకారంలో ఉండే హార్స్‌షూ ఫాల్స్‌లో ఎక్కువ భాగం కెనడాది, సరిహద్దు గీత దాని మీదుగానే పోతుంది. ఫాల్స్ మధ్యలో అమెరికా వైపు ఉన్న దీవి గోట్ ఐలాండ్ చివర టెర్రాపిన్ పాయింట్‌లో రెయిలింగ్ పట్టుకుని నిలబడితే హార్స్‌షూ అంచు కాళ్ల దగ్గర్నుంచే మొదలవుతుంది. కాబట్టి దేశం దాటకుండానే "కెనడా ఫాల్స్ చూపించాం" అనేయొచ్చు. చాలా బస్సులు చేసేది అదే. వాళ్లది అబద్ధమని అనలేం, కానీ మీరు అనుకున్నది మాత్రం అది కాదు.

నా సలహా: ఒక రాత్రి అక్కడ పడుకోండి. రెండు రోజుల గైడెడ్ టూర్లు న్యూజెర్సీ నుంచి బోలెడు ఉన్నాయి. మొదటిరోజు దారిలో వాట్‌కిన్స్ గ్లెన్ గానీ కార్నింగ్ గాజు మ్యూజియం గానీ చూపిస్తారు. అమ్మగారి మోకాళ్లకు మ్యూజియం ఉన్న టూరే తీసుకోండి. వాట్‌కిన్స్ గ్లెన్ లోయలో 19 జలపాతాలు, నిజంగానే అందమైన చోటు, కానీ రాతి మెట్లు 832. పైగా ఎప్పుడూ తడిగా ఉంటాయి.

సాయంత్రం ఆరు, ఏడింటికి హోటల్ చేరితే బ్యాగులు పడేసి వెంటనే బయటికి రండి. ఇది ముఖ్యం, ఎందుకో చెప్తాను. నయాగరా నీళ్లు పూర్తిగా ప్రకృతి చేతిలో లేవు. 1950లో అమెరికా, కెనడా చేసుకున్న ఒప్పందం ప్రకారం కరెంటు కోసం పైనే నీళ్లు మళ్లిస్తారు. టూరిస్టు సీజన్‌లో పగలు సెకనుకు కనీసం లక్ష ఘనపుటడుగుల నీళ్లు ఫాల్స్ మీదుగా వదలాలి. రాత్రిపూట, చలికాలమంతా, అందులో సగం చాలు. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా "పగలు" అంటే పొద్దున 8 నుంచి రాత్రి 10. సెప్టెంబర్ 16 నుంచి అక్టోబర్ ఆఖరు దాకా అది 8 నుంచి 8. మీరు వెళ్లేది మూడో వారం. అంటే రాత్రి 8 తర్వాత నీళ్లు తగ్గుతాయి. అప్పుడు పొద్దు గుంకేది ఏడుంపావు ప్రాంతంలో, చీకటి పడ్డాక కెనడా వైపు నుంచి రంగు దీపాలు వేస్తారు. ఏడున్నర నుంచి ఎనిమిది మధ్య నిండు నీళ్ల మీద దీపాలు చూడొచ్చు. భోంచేసి తీరిగ్గా తొమ్మిదింటికి వచ్చినవాళ్లకు దీపాలుంటాయి, నీళ్లు పలచబడి ఉంటాయి.

రెండోరోజు పొద్దున్నే పడవ. మెయిడ్ ఆఫ్ ది మిస్ట్ అంటారు, ఆ పేరుతో మొదటి పడవ 1846లో తిరిగింది, 2020 నుంచి బ్యాటరీ పడవలు. టికెట్ 30 డాలర్ల చుట్టూ, తిరిగేది ఇరవై నిమిషాలు. మొదటి పడవ వేళకు పదిహేను నిమిషాల ముందే అబ్జర్వేషన్ టవర్ దగ్గర ఉండండి. పదకొండు దాటితే టవర్ మీద లిఫ్టు కోసం ఉండే వరుసే పెద్దది, పడవ వరుస తర్వాత. టవర్ నుంచి లిఫ్టులోనే కిందికి దిగి నేరుగా రేవుకి వెళ్లొచ్చు. వీల్‌చెయిర్ కూడా వెళ్తుంది. మోకాళ్ల నొప్పికి పడవ అడ్డం కాదు. పడవలో పై అంతస్తుకి మాత్రం మెట్లు ఉంటాయి, అమ్మగారిని కింది అంతస్తులోనే ఉంచండి. పడవ అమెరికా రేవు నుంచి ఎదురునీటికి వెళ్తుంది కాబట్టి అమెరికన్ ఫాల్స్ ఎడమచేతి పక్క వస్తుంది. ఎక్కగానే ఎడమ రెయిలింగ్ పట్టుకోండి. తరువాత హార్స్‌షూ ఒడిలోకి వెళ్లి కాసేపు అక్కడే నిలుస్తుంది. అప్పుడు ఏ పక్కనున్నా ఒకటే, అన్ని వైపులా తెల్లగా తప్ప ఏమీ కనిపించదు.

చీర గురించి. వాళ్లిచ్చే నీలం పాంచో పలచటి ప్లాస్టిక్, తలమీద నుంచి తొడుక్కునేది, మోకాళ్ల దాకా వస్తుంది. హార్స్‌షూ దగ్గర గాలి కింది నుంచి కొడుతుంది. పాంచో గొడుగులా ఉబ్బి పైకి లేస్తుంది, చీర కుచ్చిళ్లు మోకాళ్ల కింద తడిసి కాళ్లకు చుట్టుకుంటాయి. దిగేటప్పుడు తడి చెక్కమీద అలా నడవడమే ప్రమాదం. చుడీదార్ వేసుకుంటే మేలు. ససేమిరా చీరే అంటే కొంగు నడుముకి బిగించి, చీర రెండంగుళాలు పైకి కట్టి, పాంచో కింది అంచు ఒక చేత్తో పట్టుకోమనండి. చెప్పులు వెనకాల పట్టీ ఉన్నవే. హవాయి చెప్పులు వద్దు.

పడవ తర్వాత గోట్ ఐలాండ్. నడక ఎక్కువ, పార్కు ట్రాలీ ఎక్కండి. ఆఖరున కేవ్ ఆఫ్ ది విండ్స్. అక్కడ లిఫ్టు 175 అడుగులు కిందికి దింపుతుంది, పసుపు పాంచో, కాళ్లకు చెప్పులు వాళ్లే ఇస్తారు. కింద చెక్క మెట్లూ వేదికలూ. అన్నిటికంటే పైది హరికేన్ డెక్, బ్రైడల్ వెయిల్‌కి 20 అడుగుల దూరం. అక్కడ తడవడం కాదు, నెత్తిన కుండలు కుమ్మరించినట్టే. 42 అంగుళాల ఎత్తు లేని పిల్లల్ని దానిమీదికి రానివ్వరు. అమ్మగారు పైదాకా ఎక్కక్కర్లేదు, కింది వేదిక మీద నుంచే జల్లు తగులుతుంది. ఈ చెక్క వేదికలు చలికాలం మంచు దెబ్బకు నిలవవు. అందుకే ఏటా శరదృతువులో విప్పేసి వసంతంలో మళ్లీ కడతారు.

బఫెలోకి విమానంలో వెళ్తే మాత్రం ఒక్కరోజులో బాగానే కుదురుతుంది. గంటన్నర ఎగిరితే ఎయిర్‌పోర్టు, అక్కణ్నుంచి ఫాల్స్‌కి నలభై నిమిషాలు. నలుగురి టికెట్లు, రెండు రోజుల బస్సు పక్కపక్కన పెట్టి చూసుకోండి.

కాగితాల_కరణం:

వీసాల సంగతి నేను చెప్తాను. ఇందులో రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి, అందరూ కలిపేస్తారు. కెనడా రానిస్తుందా? తిరిగి అమెరికా రానిస్తుందా?

మొదటిది. భారత పాస్‌పోర్టుకి కెనడా వీసా కావాలి. హెచ్‌వన్ అయినా, ఎఫ్‌వన్ అయినా, బీ2 అయినా అంతే. అమెరికా వీసా ఎంత గట్టిదైనా కెనడా వాడికి అది కెనడా వీసా కాదు. మినహాయింపు అమెరికా గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే: చెల్లే పాస్‌పోర్టు, గ్రీన్‌కార్డు రెండూ చూపిస్తే చాలు. మీ నలుగురిలో ఆ కార్డు ఎవరికీ లేదు కాబట్టి నలుగురికీ వీసా తీసుకోవాల్సిందే. ఫీజు మనిషికి 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకు ఇంకో 85. వేలిముద్రలు అమెరికాలోనే ఇవ్వొచ్చు. కానీ ఆ తర్వాత పాస్‌పోర్టు పంపి, స్టిక్కర్ వేయించుకుని, మళ్లీ చేతికి రావాలి. సెప్టెంబర్ మూడో వారానికి ఇప్పుడు మొదలెడితే పరుగే. ప్రయాణం దగ్గర పడ్డాక పాస్‌పోర్టు పోస్టులో ఉండటం అంత మనశ్శాంతి లేని పని ఇంకోటి లేదు.

రెండోది. తిరిగి రావడం. మీ వీసా స్టాంపు గడువు అయిపోయినా ఫర్వాలేదు. కెనడాలో 30 రోజులకు మించకుండా ఉండి, మరే దేశానికీ వెళ్లకుండా తిరిగొస్తే, చెల్లే ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) ఉంటే పాత వీసా మీదే రానిస్తారు. దాన్ని ఆటోమేటిక్ రీవాలిడేషన్ అంటారు. షరతు ఒకటుంది: అక్కడున్నప్పుడు అమెరికా కొత్త వీసాకి అప్లై చేయకూడదు. చేస్తే ఈ వెసులుబాటు పోతుంది, వీసా వచ్చేదాకా అక్కడే. చేతిలో ఉండాల్సినవి: పాస్‌పోర్టు, 797 అసలు కాగితం, ఐ-94 ప్రింటు, ఇటీవలి పే స్లిప్పులు రెండు. 797 కింది భాగంలో ఐ-94 ఉంటే అదే చూపించండి, ఎయిర్‌పోర్టులో ఇచ్చిన పాత నంబరు కాదు.

మీ చెల్లెలికి ఐ-20 (కాలేజీ ఇచ్చే స్టూడెంట్ పత్రం) మీద ప్రయాణ సంతకం ఉండాలి. చదువుకునేటప్పుడు అది ఏడాది పనిచేస్తుంది, ఓపీటీలో ఆరు నెలలే. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు: సంతకం ఎనిమిది నెలల కిందటిది, "ఏడాది ఉందిగా" అనుకుంటారు. ఈఏడీ కార్డు (పని అనుమతి కార్డు), ఉద్యోగం లెటరు కూడా పెట్టుకోమనండి.

అమ్మానాన్నలకు తిరిగి రావడంలో చిక్కు లేదు. కానీ ఒక భ్రమ మన అసోసియేషన్ పాట్‌లక్కుల్లో తెగ తిరుగుతుంటుంది: "కెనడా ఓసారి వెళ్లొస్తే ఆరు నెలలు మళ్లీ మొదలవుతాయి" అని. దాన్ని నమ్ముకోవద్దు. ముప్ఫై రోజుల్లోపు కెనడా వెళ్లొస్తే మామూలుగా పాత ఐ-94 తేదీయే సాగుతుంది. అమెరికాకి తిరిగొచ్చాక ఐ-94 వెబ్‌సైటులో తేదీ చూసుకోండి. ఇంకా, బీ2 నుంచి వేరే స్టేటస్‌కి మార్పు కోసం దరఖాస్తు పెండింగ్‌లో ఉంటే కెనడాకి వెళ్లకండి. దేశం దాటితే ఆ దరఖాస్తు వదిలేసుకున్నట్టే లెక్క.

టూర్ వ్యాన్‌లో దాటడం కంటే రెయిన్‌బో బ్రిడ్జి మీద నడిచి దాటడం నయం. 1941 నాటి వంతెన, మధ్యలో సరిహద్దు ఫలకం ఉంటుంది, అక్కణ్నుంచి ఫాల్స్ కనిపిస్తాయి. వ్యాన్‌లో పదిమంది ఉంటే పదో మనిషి కాగితం సరిగ్గా లేకపోయినా తొమ్మిదిమంది లోపల కూర్చుని చూడాలి. నడిచేటప్పుడు ఎవరి లెక్క వాళ్లది. అమెరికా వైపు తిరుగుడు గేటు దాటితే ఇక వెనక్కి లేదని గుర్తుంచుకోండి. కెనడా వద్దన్నా, మీరే మనసు మార్చుకున్నా, అమెరికా తనిఖీ గుండానే లోపలికి రావాలి. అందుకే పాస్‌పోర్టు హోటల్లో పెట్టి "సగం దాకా వెళ్లి ఫొటో తీసుకుందాం" అనేది పనికిరాదు. తిరుగుప్రయాణంలో కెనడా వైపు మనిషికి ఒక డాలరు టోల్ ఉంటుంది, చిల్లర దగ్గరుంచుకోండి. తెచ్చుకున్న పండ్లూ మాంసం వంటకాలూ అక్కడే పూర్తి చేయండి. అమెరికా తనిఖీలో ఆపిల్ పండు బ్యాగులో ఉందని చెప్పకపోతే అది కూడా కేసే.

మిస్సిసాగా_అక్క:

కెనడా వైపు నుంచి చూసే మన పిల్లలు కూడా ఇక్కడ చదువుతారు కాబట్టి రెండు ముక్కలు. టొరంటో నుంచి గైడెడ్ డే ట్రిప్ అసలైన డే ట్రిప్. 130 కిలోమీటర్లు, ట్రాఫిక్ లేకపోతే గంటన్నర. శనివారం పొద్దున తొమ్మిది దాటి బయల్దేరితే బర్లింగ్టన్ దగ్గరే గంట తినేస్తుంది, ఏడున్నర పికప్ ఉన్న టూర్ చూసుకోండి. బస్సు దిగాక సొంతంగా తిరగడానికి ఎన్ని గంటలు ఇస్తారో అడగండి. వైన్ తోట, ఫడ్జ్ దుకాణం, చాక్లెట్ దుకాణం అని తిప్పుతూ ఫాల్స్ దగ్గర రెండు గంటలే వదిలే టూర్లున్నాయి. మూడు గంటలకు తగ్గితే వద్దు.

ఆ మూడు గంటల్లో వరుస ఇలా: ముందు పడవ. ఇక్కడ ఎరుపు పాంచో, నడిపే సంస్థ వేరు, వెళ్లేది మాత్రం అదే నీళ్లలోకి. తర్వాత ఒడ్డెంట పదిహేను నిమిషాలు చదునుగా నడిస్తే టేబుల్ రాక్. అక్కడ హార్స్‌షూ అంచు నీళ్లు పచ్చగా గాజులా వంగి పడటం చేతికందేంత దగ్గర్లో కనిపిస్తుంది. పెద్దవాళ్లుంటే జర్నీ బిహైండ్ ది ఫాల్స్ (జలపాతం వెనక సొరంగాల్లోకి వెళ్లేది) కంటే పాత పవర్ స్టేషన్‌కి తీసుకెళ్లండి. 1905లో కట్టింది, 2006 దాకా నడిచింది. లిఫ్టులో 180 అడుగులు దిగితే 2,200 అడుగుల సొరంగం, చివర నది మట్టానికి తేలతారు. తడవకుండా ఫాల్స్‌ని కింది నుంచి చూడొచ్చు. నడక పోనూరానూ కిలోమీటరు పైనే, అది ముందే చెప్పండి.

ఇంద్రధనుస్సు కావాలంటే ఎండ మన వీపు మీద పడాలి. కెనడా ఒడ్డున నిలబడితే తూర్పు వైపు చూస్తాం కాబట్టి మధ్యాహ్నం తర్వాత. అమెరికా వైపు టెర్రాపిన్ పాయింట్‌లో పొద్దునే. బఫెలో_మంచు గారి టైంటేబుల్లో నేను ఒకటి మారుస్తాను: గోట్ ఐలాండ్ తొమ్మిది, పదింటికే పెట్టుకోండి. ఎండ బాగుంటే టెర్రాపిన్ దగ్గర ధనుస్సు రెండు కొనలూ కనిపిస్తాయి. పడవ కోసం అది వదులుకోవడం నాకు నచ్చదు.

మిషిగన్ నుంచి కార్లో వచ్చేవాళ్లు మాత్రం జాగ్రత్త. డెట్రాయిట్ నుంచి నయాగరాకి మ్యాపు చూపించే దగ్గరి దారి కెనడాలోని ఒంటారియో గుండా పోతుంది. కెనడా వీసా లేనివాళ్లు టొలీడో, క్లీవ్‌లాండ్, ఈరీ మీదుగా రావాలి, రెండు గంటలు ఎక్కువ.

బఫెలో_మంచు:

అక్క చెప్పింది ఎండ కాసే రోజుకి నిజమే. మబ్బు పట్టిందా, నా వరుసే. ముందురోజు రాత్రి వాతావరణం చూసుకుని నిర్ణయించుకోండి.

కార్లో వెళ్లేవాళ్లకు ఇంకోటి: ఊళ్లోకి దిగాక "బ్రిడ్జ్ టు కెనడా" బోర్డున్న లేన్‌లో పడితే మధ్యలో తిరిగే దారి ఉండదు. మ్యాపులో "నయాగరా ఫాల్స్" అని మాత్రమే కొడితే ఒంటారియోలో అదే పేరున్న కెనడా ఊరికి తీసుకెళ్లొచ్చు. "నయాగరా ఫాల్స్ స్టేట్ పార్క్" అని కొట్టండి. పార్కు ప్రవేశం ఉచితం, పార్కింగ్‌కే డబ్బు.

ఎడిసన్_వాడు:

అందరికీ థాంక్స్. కెనడా ఈసారి వదిలేశాం. కార్నింగ్ ఉన్న రెండు రోజుల బస్సు అడిగాను. పడవ టికెట్ టూర్ ధరలో లేదంటున్నారు. "సర్వీస్ ఫీ" మనిషికి రోజుకి ఇంత అని విడిగా ఇవ్వాలట. ఇది మామూలేనా? అమెరికా ఒడ్డునే ఉంటే ఫోన్‌కి ఇబ్బంది ఏమైనా ఉంటుందా?

కాగితాల_కరణం:

మామూలే. ఆ సర్వీస్ ఫీ అంటే డ్రైవర్, గైడ్ టిప్పు, బస్సులోనే నగదుగా వసూలు చేస్తారు. నలుగురికి రెండు రోజులకు ఎంతవుతుందో లెక్కేసి అసలు ధరకు కలిపి చూడండి, "తక్కువ ధర" అక్కడే కాస్త పెరుగుతుంది. పడవ టికెట్ మీరే విడిగా కొనుక్కుంటామని ముందే చెప్పేయండి, గైడ్ గుంపు టికెట్ల కోసం ఆగకుండా మొదటి పడవకే వెళ్లిపోవచ్చు. బస్సు తిరిగి బయల్దేరే టైము, ఆగే చోటు ఫొటో తీసుకోండి.

ఫోన్: ఒడ్డున నిలబడితే కెనడా టవర్ సిగ్నల్ పట్టేస్తుంది. అమ్మానాన్నల ఫోన్లలో ఇండియా సిమ్ ఉంటే మరీ. ఫాల్స్ చేరకముందే డేటా రోమింగ్ ఆపేయండి. పడవ ఎక్కే ముందు ఫోన్లన్నీ జిప్ కవర్లో పెట్టి, ఒక్కటే బయట ఉంచండి. నాన్నగారికి కళ్లజోడు ఉంటే తాడు కట్టండి, నీటిజల్లుకి తుడుచుకోబోయి నదిలో పడేసుకునేవాళ్లు ప్రతి పడవలోనూ ఉంటారు.

మిస్సిసాగా_అక్క:

ఒక జత పొడి సాక్సులు, ఒక తువ్వాలు బస్సులోనే వదిలి వెళ్లండి. కేవ్ ఆఫ్ ది విండ్స్‌లో వాళ్లిచ్చిన చెప్పులు మీకే, వాటితోనే బస్సు ఎక్కి మీ బూట్లు సంచిలో వేసుకోవచ్చు. పులిహోర పెట్టుకోండి, పెరుగన్నం వద్దు. సెప్టెంబర్ ఎండకి బస్సులో మధ్యాహ్నానికి పుల్లబడుతుంది.